చక్రాల బూట్లకు చోటేదీ?

స్కేటింగు పనికిమాలిన ఆటేమీ కాదు. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా రెండు కాంస్య పతకాలు సాధించినది దీనిలోనే. అయితే హిందూపురం మార్కెట్టుకు చింతపండు మూటతో వచ్చే పల్లె రైతుకు, ధర్మవరంలో పట్టుచీరల కట్ట మోసుకెళ్లే నేతగానికి వెనుకనుంచి దూసుకొచ్చే పిల్లవాడు కనపడడు. స్కేటుకు సైకిలులా గంట లేదు. బ్రేకంటే మడమ దగ్గరో, మునివేళ్ల దగ్గరో ఉండే రబ్బరు ముక్క. ఇసుకలో అదీ పట్టదు. కనుక ముసలివారిని తప్పుకొమ్మని అరవడం కాదు, తానే నెమ్మదించి తొలగడం మర్యాద. హెల్మెట్టు, మోకాటి తొడుగులు లేనిదే తల్లిదండ్రులు పంపరాదు. పెనుకొండ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి వైపు అసలే వద్దు. అంతమాత్రాన పిల్లలను తిట్టి లాభమేమిటి? పురపాలక సంఘాలు సాయంత్రం వేళ రెండు గంటలైనా బడులలోని సిమెంటు గచ్చును వారికి విడిచిపెట్టాలి. ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు.