ఆశ్రితుని విడిచి స్వర్గమా?

మహాభారతాన్ని నిదానంగా పారాయణ చేసినవారికి ఒక విశేషం స్ఫురిస్తుంది. పదునెనిమిది పర్వాల ఆ మహేతిహాసం ఆరంభంలో ఒక కుక్కపిల్ల దెబ్బలు తిని ఏడుస్తూ తల్లి వద్దకు పోతుంది. ముగింపు చేరువవుతున్న వేళ ఒక కుక్క ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడచి వస్తుంది. నడుమ రాజ్యాలు పోయాయి, వంశాలు నశించాయి. ఆ మొదటి కుక్కకు జరిగిన అన్యాయానికీ, ఈ చివరి కుక్కకు దక్కిన ఆదరానికీ మధ్య వ్యాసభగవానుడు ధర్మాన్నంతా నిలిపినాడా అనిపిస్తుంది.

జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. దేవశుని అయిన సరమ కొడుకు, సారమేయుడు, ఆడుకుంటూ అక్కడికి వచ్చాడు. రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వానిని కొట్టారు. "నీవేమి తప్పు చేశావు?" అని తల్లి అడిగింది. "హవిస్సును చూడలేదు, నాకలేదు, నిష్కారణంగా కొట్టారు" అన్నాడు బిడ్డ. సరమ యాగశాలకు పోయి న్యాయం అడిగింది. ఎవరూ బదులు పలుకలేదు. అప్పుడామె, అనుకోని భయం మీకు కలుగుగాక అని శపించింది. మన గోదావరి గట్టున రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు భారతాన్ని తెనిగించినప్పుడు ఈ కథను విడువలేదు. మంచిచెడ్డలు తలపక సాధువులకు, దీనులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయన్న హెచ్చరికను తెలుగువారి చెవిలో తొలి పలుకులలోనే వేసినాడు.

ఇక మహాప్రస్థానంలో ద్రౌపదీ సోదరులు ఒక్కొక్కరే పడిపోగా, వెంట మిగిలింది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదు, దానిని విడిచి రమ్మన్నాడు. ఇక్కడ ధర్మరాజు చెప్పిన సమాధానాన్ని మనం జాగ్రత్తగా గమనించాలి. కుక్క పవిత్రమైనదని ఆయన వాదించలేదు. శౌచశాస్త్రాన్ని కాదనలేదు. నన్ను నమ్మి వెంట వచ్చినదానిని విడవడం శరణాగతుని శత్రువుకు అప్పగించడం, స్త్రీహత్య, బ్రాహ్మణుని ధనాన్ని హరించడం, మిత్రద్రోహం అనే నాలుగు పాపాలతో సమానమని మాత్రమే అన్నాడు. అప్పుడు ఆ కుక్క యమధర్మరాజై నిలిచింది.

ఈ కథను ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఉన్నది. మా పెనుగొండలో ఒక గృహస్థు ఇంటి అరుగు మీద కొద్దివారాలుగా ఒక నాటు కుక్కపిల్ల ఉంటున్నది. కాలువగట్టున కాలు విరిగి పడి ఉండగా ఆ ఇంటివారు తెచ్చి, పశువైద్యునిచేత కట్టు కట్టించి, టీకా వేయించి సాకుతున్నారు. వారి ఇంట వృద్ధులున్నారు, ఎల్లకాలం ఉంచుకోలేరు. మంచి కుటుంబం దొరికేదాకా కాపాడి అప్పగిద్దామని వారి సంకల్పం. చూడవచ్చినవారు లేకపోలేదు. చూసి, ముద్దాడి, ఏదో ఒక సందేహం చెప్పి వెళ్ళిపోయినవారే ఎక్కువ. ఆ సందేహాలలో కొన్ని మా ఆలయానికీ వచ్చాయి. అవి మీలో పలువురికి కూడా ఉండవచ్చును గనుక ఇక్కడ విన్నవిస్తున్నాను.

"మడి, ఆచారం ఉన్న ఇంట కుక్క ఉండవచ్చునా?" అన్నది మొదటి ప్రశ్న. దేవతార్చన గదికీ, వంటింటికీ, శ్రాద్ధాది కర్మలు జరిగే చోటికీ కుక్కను రానీయకూడదు. ఇది నియమం, దీనిని పాటించండి. అయితే ఇంటికి అరుగు ఉంటుంది, వసారా ఉంటుంది, పెరడు ఉంటుంది. తాకితే స్నానంతో శుద్ధి ఉన్నది. నమ్మినదానిని వీధిపాలు చేసిన దోషానికి ఏ స్నానంతో శుద్ధి? పైగా గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. వైశ్వదేవం చేసిన పిమ్మట కుక్కలకు, కాకులకు, క్రిములకు కూడా అన్నం పెట్టాలని మనుస్మృతి విధించింది. విసరివేయమనలేదు, నేలమీద మెల్లగా ఉంచమన్నది. ఆ "మెల్లగా" అన్న మాటలో ఎంత మర్యాద ఉన్నదో ఆలోచించండి.

"నల్లకుక్క అరిష్టం కదా?" అన్నది రెండవది. కాలభైరవుని వాహనమే కుక్క. యముని వాకిట కావలి ఉన్న శ్యామ శబలులలో శ్యాముడంటేనే నల్లనివాడు. రుద్రాధ్యాయం కుక్కల రూపంలోనూ, కుక్కలను పాలించేవారి రూపంలోనూ ఉన్న రుద్రునికి నమస్కరిస్తున్నది. పిఠాపురంలో శ్రీపాద శ్రీవల్లభులుగా అవతరించిన దత్తస్వామి పాదాల చెంత నాలుగు కుక్కలను నాలుగు వేదాలుగా భావించి మనం చేతులు జోడిస్తున్నాం. పటంలో పూజించి, పెరట్లో అరిష్టమనడం ఏమి న్యాయం?

"ఆడది మాకు వద్దు" అన్నది మూడవది. నిజానికి దిక్కులేనివిగా మిగిలేవాటిలో ఆడపిల్లలే ఎక్కువగా కనబడడానికి ఈ మాటే కారణం. ఋగ్వేదం పదవ మండలంలో పణులు దాచిన గోవుల జాడ కనిపెట్టి, ఇంద్రుని దూతగా రసానదిని దాటి, వారి ప్రలోభాలకు లొంగక మాట్లాడిన సరమ ఆడకుక్కయే. పిల్లలు పుడతాయన్న భయానికి పశువైద్యుని వద్ద శస్త్రచికిత్స ఉన్నది. దానికోసం జీవిని తోసిపుచ్చనక్కరలేదు.

ఇక, తాత్కాలికంగా సాకేవారి ధర్మం ఒకటున్నది. అది చాలా సున్నితమైనది. తనది కాని బిడ్డను తనదానికంటె మిన్నగా పెంచిన యశోదమ్మ మనకు తెలుసు. శకుంతలను పెంచి అత్తవారింటికి పంపిన కణ్వమహర్షి తెలుసు. వారిరువురూ సమయం వచ్చినప్పుడు కన్నీటితోనే అయినా సాగనంపారు. భాగవతం పంచమ స్కంధంలోని భరతుని కథ దీనికి మరో వైపు. తల్లిని కోల్పోయి ఏటిలో పడిన లేడిపిల్లను ఆ రాజర్షి రక్షించాడు. అది పుణ్యమే. కాని ఇది నాది, నేను లేకపోతే దీనికి దిక్కెవరు అన్న తలపులో నిత్యకర్మలనే మరచి, ఆ చింతతోనే ప్రాణం విడిచి లేడియై పుట్టాడు. కథలో దోషం దయది కాదు, మమకారానిది. పెంచి మంచి చేతులలో పెట్టేవారు దయను నిలుపుకొని మమకారాన్ని వదలుకుంటున్నారు. ఇది గృహస్థుకు సాధ్యమైన ఒక చిన్న వైరాగ్యసాధన. ఇతరుల సొమ్మును న్యాసంగా కాపాడినట్లు కాపాడి అప్పగించడం వారి వంతు. ఆ న్యాసాన్ని స్వీకరించడం మన వంతు.

స్వీకరించేముందు బాగా ఆలోచించండి. కుక్క ఆయుష్షు పది, పదిహేనేండ్లు ఉంటుంది. ఈనాడు ముద్దుచేసే పిల్లవాడు కాలేజీకి వెళ్ళిపోయిన తరువాత కూడా అది మీ గుమ్మంలోనే ఉంటుంది. రెండు పూటల తిండి, శుభ్రమైన నీరు, ఏటేటా రేబిస్ టీకా దానికి మీరు ఇచ్చే మాట. ఆ మాట ఇవ్వలేనివారు తీసుకోకపోవడమే ధర్మం. తీసుకొని, పెద్దదయ్యాక గుడి దగ్గర వదిలివెళ్ళడం మాత్రం ఘోరం. "స్వామి సన్నిధిలో ప్రసాదం తిని బ్రతుకుతుంది" అని కొందరు సమాధానపడుతుంటారు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషతుల్యమని పశువైద్యులు చెబుతారు. ఎండుద్రాక్ష వేసిన లడ్డూ, చక్కెరపొంగలి మనకు ప్రసాదం, దానికి ప్రమాదం. పోషిస్తున్న జంతువును ఆకలిదప్పులకు వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను.

వీధికుక్కల వల్ల కలిగే ఆపదను నేను తక్కువ చేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించినాడు. ఆ తల్లిదండ్రుల శోకం ముందు ఏ శాస్త్రవాక్యమూ చాలదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రెండు వైపులా చూసింది. శస్త్రచికిత్స, టీకా అయిన కుక్కలను వాటి చోటనే విడువమని, రేబిస్ సోకినవాటిని, దూకుడు స్వభావం గలవాటిని వేరుగా ఉంచమని ఆదేశించింది. వీధికుక్కను దత్తత కోరేవారు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునన్నది. దత్తత తీసుకున్నవారు దానిని మళ్ళీ వీధిలోకి రానీయరాదన్నది. అంతకు కొద్దిరోజుల ముందు, ఆగస్టు 17న, హైదరాబాదు బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో అక్కడి నగరపాలక సంస్థ నాటు కుక్కపిల్లల దత్తత మేళాను ఏర్పాటు చేసింది. పెద్ద నగరం చేయగలిగినదానిని చిన్న ఊళ్ళు చేయలేకపోవు. ఇల్లు దొరికిన ప్రతి పిల్లా వీధిలో ఆకలితో గుంపు కట్టే కుక్కలలో ఒకటిని తగ్గిస్తుంది. అంటే కుక్కపై దయ, పసిబిడ్డ రక్షణ ఇక్కడ ఒక్కటే అవుతున్నాయి.

ఒక అర్చకుడుగా మరొక మాట గట్టిగా చెప్పాలి. పెంపుడుదైనా, వీధిదైనా కుక్క కరిస్తే మంత్రానికో, తాయెత్తుకో, పసరుకో పరుగెత్తవద్దు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి ఇచ్చిన ఆ టీకా కూడా భగవదనుగ్రహమే అని నమ్మండి.

మా పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన క్షేత్రం. తన కారణంగా యుద్ధం జరిగి నెత్తురు పారరాదని అగ్నిప్రవేశం చేసిన తల్లి ఆమె. ఆ అమ్మకు కుంకుమపూజ చేసి, ఇంటికి పోయే దారిలో మూలుగుతున్న పిల్లజీవిని కాలితో తోసిపోతే ఆ పూజ ఎవరికి చేరుతుంది? అందరూ కుక్కను పెంచాలని నేను అనను. శక్తి ఉన్నవారు ఒకదానికి ఇల్లు ఇవ్వండి. అది కుదరనివారు కొన్నాళ్ళు అరుగు ఇవ్వండి. అదీ కుదరనివారు ఒక టీకా ఖర్చు భరించండి, లేదా తీసుకోదగిన కుటుంబానికి ఒక మాట చెప్పండి. పండితుడు ఆవులోనూ, ఏనుగులోనూ, కుక్కలోనూ ఒకే పరమాత్మను చూస్తాడని గీతాచార్యుడు చెప్పినాడు. అంత దృష్టి మనకు ఇంకా అలవడకపోయినా, మన గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న ప్రాణిలో ఒక్క ఆకలిని, ఒక్క నమ్మకాన్ని చూడగలిగితే చాలును. ధర్మదేవత ఏ రూపంలో వెంట నడచి వస్తున్నదో చివరి మెట్టు దాకా ధర్మరాజుకే తెలియలేదు. మనకు మాత్రం ఎలా తెలుస్తుంది?