కడుపు చల్లగా ఉంటే...

తెల్లవారుజామున నాలుగున్నర. షాపూర్‌నగర్, చింతల్, సుభాష్‌నగర్... జీడిమెట్ల చుట్టుపక్కల కాలనీల్లో అప్పటికే వంటింటి లైట్లు వెలుగుతుంటాయి. ఫస్టు షిఫ్టుకి వెళ్లేవాళ్లకి క్యారియర్ సర్దాలి కదా! ఓ గిన్నెలో అన్నం, ఓ గిన్నెలో కూర, చిన్న డబ్బాలో పెరుగు. 'కాసిని పాలు తాగి వెళ్లండి' అని ఇల్లాలు గ్లాసు అందిస్తే మాత్రం 'వద్దులే, కడుపులో గుడగుడ' అన్న జవాబు వస్తుంది. నైట్ డ్యూటీలతో నిద్ర చెడి, టీల మీద టీలు తాగి ఉబ్బరం తెచ్చుకున్నవాళ్లయితే పాలతోపాటు పెరుగూ మానేస్తుంటారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. పాలు పడని కడుపుకి పెరుగు పడకూడదనేం లేదు!

జబ్బు కాదు... మామూలే!

పాలలో సహజంగా ఉండే చక్కెర పేరు లాక్టోజు. చిన్నపేగులో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి అరిగిస్తుంది. పసితనంలో ఈ ఎంజైము పుష్కలం. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజు పెద్దపేగులోకి చేరి పులుస్తుంది. గ్యాసు, ఉబ్బరం, విరేచనాలు దాని ఫలితమే.

ఎందుకిలా కొందరికే? దీనికి జవాబు వెతికినవారిలో మన హైదరాబాద్ శాస్త్రవేత్తలూ ఉన్నారు. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధకులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి దేశమంతటా రెండువేలకు పైగా డీఎన్ఏ నమూనాలను పరిశీలించారు. 2012లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం పెద్దయ్యాకా పాలు అరిగించుకునే జన్యుమార్పు ఐరోపావాసుల్లోనూ మనవాళ్లలోనూ ఒకటే. అయితే అది వాయవ్య భారతంలో, పశుపోషణ మీద బతికే సమూహాల్లో ఎక్కువ. దక్షిణానికి, తూర్పుకి వచ్చేకొద్దీ తక్కువ. 1981లో వెలువడిన మరో అధ్యయనంలో పాలు పడనివారు ఢిల్లీలో 27 శాతం ఉంటే, తిరువనంతపురం, పుదుచ్చేరిల్లో 66 శాతానికి పైగా తేలారు. అంటే గుడగుడలాడే కడుపు మనలో చాలామందికి ఉన్నదే!

తోడు చేసే మేలు

పాలు తోడేసి పెరుగు చేసుకోవడంలో గొప్ప తెలివి ఉంది. తోడులోని బ్యాక్టీరియా రాత్రికి రాత్రే కొంత లాక్టోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. పెరుగుతో కడుపులోకి వెళ్లాక కూడా మిగిలిన లాక్టోజు అరగడానికి సాయపడుతుంది. అందుకే పాలు పడనివారిలోనూ చాలామంది పెరుగు, మజ్జిగ హాయిగా తీసుకోగలరు.

మెదడుకీ మేలేనా?

పరీక్ష రోజున పిల్లలకి కడుపులో తిప్పినట్టుండటం తెలిసిందే. పేగుల్ని, మెదడుని వేగస్ నరం కలుపుతుంది. కబుర్లు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. మనసుకి సంబంధించిన సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం తయారయ్యేదీ పేగుల్లోనే. కానీ అక్కడి సెరటోనిన్ నేరుగా మెదడులోకి వెళ్లదు. కాబట్టి 'పెరుగు తింటే దిగులు పోతుంది' అన్నమాట నమ్మేయకూడదు.

2013లో అమెరికాలోని లాస్‌ఏంజెలిస్‌లో 36 మంది మహిళలపై ఓ అధ్యయనం జరిగింది. నాలుగు వారాలపాటు మేలు చేసే బ్యాక్టీరియా కలిపిన పులియబెట్టిన పాల పదార్థం తిన్నవారిలో, భావోద్వేగాలకు మెదడు స్పందించే తీరు కొంత మారింది. అంతేగానీ వాళ్ల ఆందోళన తగ్గిందని తేలలేదు. పైగా ఖర్చు భరించింది పాల ఉత్పత్తుల కంపెనీయే!

మరో సంగతి మాత్రం ఖాయం. నరాలకు, మెదడుకు బి12 విటమిన్ తప్పనిసరి. గుడ్డు కూడా ముట్టని శాకాహారులకు అది సహజంగా అందేది పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్ వంటివాటి నుంచే. అవన్నీ మానేసి, బదులుగా ఏమీ తీసుకోకపోతే కొన్నేళ్లకు అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం మొదలుకావచ్చు.

ఇలా చేసి చూడండి

* మొదట పలుచటి మజ్జిగతో ప్రారంభించండి. పడితే క్రమంగా పెరుగుకి మారండి.

* పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాక కలపండి. మరిగించిన మజ్జిగ పులుసుకీ ఇదే వర్తిస్తుంది.

* తీపి పెరుగు, లస్సీ ప్యాకెట్ల మీద చక్కెర ఎంతుందో చూసి కొనండి.

* పెరుగు తిన్నా దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ కావచ్చు. మలంలో రక్తం, బరువు తగ్గడం ఉన్నా వెంటనే డాక్టర్ని కలవాలి.

* దిగులుకి, ఆందోళనకి మందులు వాడుతుంటే పెరుగుని నమ్ముకుని ఆపొద్దు.

ఇక డాక్టరు దగ్గరకి వెళ్లినప్పుడు చాలామంది ఉబ్బరం గురించి చెబుతారు గానీ నిద్ర పట్టని రాత్రుల సంగతి చెప్పరు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు? రెండూ కలిపి చెబితేనే అసలు కారణం దొరుకుతుంది. 'నీ కడుపు చల్లగుండ' అని పెద్దలు దీవించేది అందుకే మరి!