రైలు మసకగానే ఉండనివ్వండి

ఉగాది వేడుకకు మన కుర్రాళ్ళు చేస్తున్న కంప్యూటర్ బొమ్మల చిత్రం మీద రెండు రోజులుగా మాటలు నడుస్తున్నాయి. ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "రైలు వచ్చేచోట బొమ్మ చెదిరినట్టుంది, స్పష్టంగా చేయించండి." దీనికి మేము ఒప్పుకోము.

అలా అన్నవాళ్ళు వీడియోను ఫోన్‌లో ఆపి చూశారు. ఆపకుండా చూడండి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఒక్కో బొమ్మకు కెమెరా మామూలుగా సెకనులో 48వ వంతు సేపు కన్ను తెరిచి ఉంచుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 20 మీటర్లు పోతుంది. కెమెరా కన్ను మూసేలోపే దాదాపు 42 సెంటీమీటర్లు, అడుగుకు పైనే. ఆ అడుగు బొమ్మలో చారలా పడాలి. పడకపోతే బండి నడవదు, గెంతుతుంది. సర్వీసంతా బండ్లను చూసిన కళ్ళు మావి, మాకు తెలుసు.

కంప్యూటర్‌కు ఈ మసక దానంతటది రాదు. లెక్క వేసి తెప్పించాలి. (మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, ఇదంతా ఆ పిల్లల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదే.) అసలు దారి 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో కుక్, పోర్టర్, కార్పెంటర్ అనే ముగ్గురు చూపించారు. కన్ను తెరిచి ఉన్న ఆ కాస్త కాలంలోనే ఒక్కో కిరణాన్ని ఒక్కో క్షణంలో పంపి, అన్నిటికీ సరాసరి తీయడం. ఫలితం నిజంలా ఉంటుంది. కానీ కిరణాలు తక్కువైతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఆ ఇసుక సగానికి తగ్గాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి. రెండోది తొందరగా అయ్యే దారి. ముందు స్పష్టమైన బొమ్మ తీసి, ఏ చుక్క ఎటు ఎంత కదిలిందో చూసుకుని, ఆ వైపుకు పులిమేయడం.

పిల్లలు వాడే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఉన్నాయి. గడువు తరుముతోందని అంతటా రెండోదే వాడారు. మా పేచీ అక్కడే. తిన్నగా పోయే పెట్టెలకు అది చాలు, ఎవరూ కనిపెట్టరు. డబ్ల్యూపీ ఇంజన్ చక్రానికి చాలదు. అది నిలువు 1.7 మీటర్ల చక్రం. ఆకులు గుండ్రంగా తిరుగుతాయి, పులిమింది మాత్రం తిన్నటి గీతలో. అందుకే ఆకుల కొసలు చక్రం అంచు దాటి పొడుచుకొచ్చాయి. కిటికీలో చెయ్యి ఊపే ముసలమ్మ దగ్గరా ఇదే తంటా. చేతి వెనుక ఏముందో స్పష్టంగా తీసిన బొమ్మలో లేదు, లేనిదాన్ని పులమడం ఎలా?

చక్రం, ముసలమ్మ కనబడేది కలిపి 8 సెకన్లే, 192 బొమ్మలు. వాటిని మాత్రం అసలు దారిలో మళ్ళీ తీయడానికి కమిటీవారు పది రోజుల గడువు, ఒక మంచి కంప్యూటర్‌కు అద్దె ఇవ్వాలి. ఫ్లెక్సీ బ్యానర్లలో రెండు తగ్గించుకోండి, సరిపోతుంది. ఆ రోజు ముందు వరుసలో లోకో షెడ్‌లో పనిచేసిన మన పెద్దలు కూర్చుంటారు. మిగతావాళ్ళు చూసేలోపే వాళ్ళు చక్రం చూస్తారు.