పార్టీ ఎక్కడ పెడదాం?

నెలాఖరు దగ్గరపడిందంటే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఒక ప్రశ్న బయల్దేరుతుంది. పార్టీ ఎక్కడ పెడదాం? రైల్వే ఉద్యోగి ఏ తేదీన పుట్టినా పదవీ విరమణ మాత్రం నెల ఆఖరి రోజునే. అందుకే ఈ ఊళ్లో ముప్పయ్యో తారీకో, ముప్పై ఒకటో తారీకో వచ్చిందంటే దండల రోజు. వర్క్‌షాపులో మెడనిండా పూలు పడతాయి, సెటిల్‌మెంట్ కాగితాలు చేతికొస్తాయి, ఇంటి దగ్గర బంధువుల భోజనాలు అవుతాయి. అదయ్యాక సెక్షన్‌లోని కుర్రాళ్లు పెద్దాయన చుట్టూ మూగుతారు. "గురువుగారూ, ఇది లెక్కలోకి రాదు. మన పార్టీ వేరే ఉంది. ఈసారి కోల్‌కతా పోదాం, పార్క్ స్ట్రీట్‌లో కూర్చుందాం."

ఆ కోరికలో తప్పేమీ లేదు. ముప్పయ్యేళ్లు ఇనుముతో, నూనెతో, సైరనుతో గడిపిన మనిషికి ఒక సాయంత్రం దీపాల వెలుగులో, పాట వింటూ గడపాలని ఉండటం న్యాయం. తోటివాళ్లు ఆ సాయంత్రం ఆయనకు ఇవ్వాలనుకోవడం ఇంకా న్యాయం. చిక్కంతా చోటు ఎంచుకునే తీరులో ఉంది. ఫోన్‌లో ఫొటోలు చూసి, ఎక్కడ ఒకటికి రెండు ఆఫరు ఉందో చూసి, గ్రూపులో గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు తేల్చేస్తారు. మిగతావాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. తీరా ఆ రోజు పద్దెనిమిది మందిలో పదకొండుగురే వస్తారు. రాని ఏడుగురూ ఎందుకు రాలేదో ఎవరూ అడగరు.

ఈ శీర్షిక చెప్పదలచుకున్నది ఆ ఏడుగురి గురించే. జట్టు వేడుకకు చోటు చూసేటప్పుడు, అక్కడికి రావడం ఎవరికి అందరికంటే కష్టమో ముందు వాళ్లను అడగాలి. వాళ్లకు కుదిరిన చోటు మిగతా అందరికీ కుదురుతుంది.

ఖరగ్‌పూర్ జట్టు ఎలా ఉంటుందో చూస్తే ఈ మాట ఎందుకో తెలుస్తుంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. దాని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు తరలివచ్చారు. మథురాకాటి, నింపురా, గోల్ బజార్ చుట్టుపక్కల నాలుగైదు తరాలుగా తెలుగు వినబడుతూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చిందంటే ఈ ఊరి తెలుగువాళ్ల పట్టుదలే ప్రధాన కారణం. కానీ షాపులో ఏ ఒక్క సెక్షనూ తెలుగువాళ్లతోనే నిండి ఉండదు. బెంగాలీ ఫిట్టరు, ఒడియా వెల్డరు, బిహారీ హెల్పరు, ఐటీఐ పాసై వచ్చిన అప్రెంటిస్, భర్త పోయాక కారుణ్య నియామకంలో చేరిన ఆవిడ, అందరూ ఒకే బెంచీ మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుంటారు. ఇక స్టేషన్ వైపు వస్తే లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు, పాయింట్స్‌మెన్ ఉంటారు. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ చేర్చాలి.

మొదటి అడ్డంకి డ్యూటీ. లోకో పైలట్ అయినా, ట్రైన్ మేనేజర్ అయినా సైన్ ఆన్ చేసేటప్పుడు బ్రెత్ అనలైజర్‌లో ఊదాల్సిందే. రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోతుందనుకోవడానికి లేదు. శరీరం మద్యాన్ని తన వేగంతోనే వదిలించుకుంటుంది. చన్నీళ్ల స్నానం, బ్లాక్ కాఫీ, నిమ్మరసం దాన్ని తొందరపెట్టలేవు. తెల్లవారి ఆరింటికి బండి పట్టాల్సినవాడు "నేను రానర్రా, నాకు మార్నింగుంది" అంటే బతిమాలడం స్నేహం కాదు. ఆ మాట వెనక వందలమంది ప్రయాణికులున్నారు, అతని ఉద్యోగం ఉంది. రోస్టరు ముందు పెట్టుకుని, ఎక్కువమందికి మర్నాడు రెస్టు పడే రోజు చూడాలి. పార్టీ సరిగ్గా ముప్పై ఒకటిన జరగకపోతే కొంపేమీ మునగదు. తర్వాతి వారానికి జరిపినా పెద్దాయన ఇకమీదట ఖాళీయే.

రెండోది దూరం. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు 115 కిలోమీటర్లు, లోకల్‌లో రెండు గంటల పైమాటే. 2024 మార్చిలో హుగ్లీ నది కింద నుంచి మెట్రో నడవడం మొదలయ్యాక హౌరా నుంచి ముందుకు పోవడం తేలికైంది. హౌరాలో మెట్రో ఎక్కి, ఎస్ప్లనేడ్‌లో లైను మారి, తర్వాతి స్టేషన్ పార్క్ స్ట్రీట్‌లో దిగొచ్చు. వెళ్లడం సులువే, చిక్కు తిరుగు ప్రయాణంతో. పబ్బులో పాట ఊపందుకునే వేళకి మెట్రో ముగింపుకొస్తుంది, లోకల్ బండ్లు పలచబడతాయి. రైల్లోగానీ రైల్వే ఆవరణలోగానీ మత్తులో ఉండటం రైల్వే చట్టం 145వ సెక్షన్ కింద నేరం. సొంత శాఖ చట్టానికి సొంత మనుషులే చిక్కడం ఏ డివిజన్‌లోనైనా తలవంపులే. పోనీ కారులో వెళదామంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటిన డ్రైవరుకు మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ. కాబట్టి కోల్‌కతా అనుకుంటే మధ్యాహ్నం బల్ల బుక్ చేసుకోవాలి. పన్నెండున్నరకు కూర్చుని, నాలుగింటికి లేచి, చీకటి పడేలోగా రైలెక్కేయాలి. పగటిపూట బల్ల దొరకడం సులువు, పక్కవాడి మాట వినబడుతుంది, ఆడవాళ్లకు ఇంటి గురించి బెంగ ఉండదు.

మూడోది గుమ్మం. పార్క్ స్ట్రీట్‌కు ఘనమైన చరిత్ర ఉంది. ట్రింకాస్ వేదిక మీద ఉషా ఉతుప్ పట్టుచీరతో, పెద్ద బొట్టుతో నిలబడి పాడి, నైట్‌క్లబ్ గాయని అంటే ఇలాగే ఉండాలన్న లెక్కను తిరగరాసింది. పార్క్ హోటల్లోని సమ్‌ప్లేస్ ఎల్స్ 1990ల నుంచీ లైవ్ బ్యాండ్లకు పెట్టింది పేరు. అదే వీధిలో 2016లో మరో కథ నడిచింది. ఊరికి వచ్చిన ఒకావిడ, తనకు కారు నడిపిన డ్రైవరుకు కృతజ్ఞతగా భోజనం పెట్టిద్దామని పేరున్న ఒక రెస్టారెంటుకు వెంటబెట్టుకెళ్లింది. అతని బట్టలు బాగాలేవంటూ బల్ల ఇవ్వలేదని ఆవిడ ఫేస్‌బుక్‌లో రాస్తే దేశమంతా చర్చ జరిగింది. జీవితమంతా ఖాకీ చొక్కాలో గడిపి, పార్టీకి ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, కాళ్లకు చెప్పులతో వచ్చే ఖలాసీని గుమ్మంలో ఆపితే ఆ రోజు వేడుక అక్కడికక్కడే ముగిసినట్టు.

అందుకని ముందే ఫోన్ చేయాలి. చెప్పులతో రానిస్తారా? జంటలుగా వస్తేనే లోపలికా, మగవాళ్ల గుంపుకూ బల్ల ఇస్తారా? కవర్ ఛార్జి ఉందా? మెట్లెన్ని, లిఫ్టు ఉందా? మోకాళ్ల నొప్పులున్న అరవయ్యేళ్ల మనిషి కోసం చేస్తున్న పార్టీలో ఆఖరి ప్రశ్నే మొదటిది కావాలి. అప్రెంటిస్ కుర్రాళ్ల వయసు కూడా చూసుకోవాలి. పశ్చిమ బెంగాల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం పోయకూడదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడిని బార్‌కు తీసుకెళ్లి బయట నిలబెట్టడం కంటే, అతను కూడా దర్జాగా కూర్చునే కుటుంబ రెస్టారెంటు చూసుకోవడం మేలు. పోలింగ్ రోజుల్లోనైతే అసలు అడగక్కర్లేదు. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలూ అక్కడ మద్యం అమ్మకాలు బంద్.

ఇక బిల్లు. స్నేహాలు ఎక్కువగా బెసికేది ఇక్కడే. పెద్దాయన అతిథి, డబ్బులు పెట్టేది పన్నెండుమంది అనుకుందాం. తిండి ఆరు వేలు, మందు తొమ్మిది వేలు అయ్యాయి. సమానంగా పంచితే తలా 1,250. వాళ్లలో అయిదుగురు మందు ముట్టలేదు. తిండిలో వాళ్ల వాటా తలా 500 రూపాయలు, కట్టింది దానికి రెండున్నర రెట్లు. నోరు తెరిచి ఎవరూ అడగరు, వచ్చే పార్టీకి మాత్రం ఏదో పనుందంటారు. తిండి బిల్లు అందరూ, మందు బిల్లు తాగినవాళ్లు కట్టుకుంటారని బయల్దేరకముందే గ్రూపులో రాసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. లెక్క వేరు చేయడమూ సులువే. మద్యం జీఎస్టీలో లేదు, దానికి వేరే పన్ను, కాబట్టి బిల్లులో తిండీ మందూ విడివిడిగా కనిపించాలి. కింద పది శాతం సర్వీస్ ఛార్జి కనిపిస్తే దాన్ని తీసేయమని అడగొచ్చు. ఆ ఛార్జిని దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి ఇచ్చే డబ్బు మాత్రం అతని చేతిలోనే పెట్టాలి.

ఇంకో సంగతి భద్రత. ఎంతమంది ఉంటే అది అంత ముఖ్యం. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ముంబై కమలా మిల్స్ ఆవరణలోని మేడమీద పబ్బులో మంటలు లేచాయి. 14 మంది చనిపోయారు. వాళ్లలో పుట్టినరోజు వేడుకకు చేరిన మిత్రబృందం ఉంది, ఆ పుట్టినరోజు అమ్మాయీ ఉంది. చాలామంది మరుగుదొడ్లలో తలదాచుకుని పొగకు ఊపిరాడక పోయారు. 2025 ఏప్రిల్ 29 రాత్రి కోల్‌కతా బడాబజార్ దగ్గర ఒక హోటల్లో మంటలు 14 మందిని బలితీసుకున్నాయి. ఆ వెంటనే నగరంలోని రూఫ్‌టాప్ రెస్టారెంట్లను మూసేయమని నగరపాలక సంస్థ ఆదేశించింది. పార్క్ స్ట్రీట్‌లోనే, 2010 మార్చిలో, స్టీఫెన్ కోర్టు భవనం తగలబడినప్పుడు నలభై మందికి పైగా పోయారు.

ఇవి చెప్పి భయపెట్టడం ఉద్దేశం కాదు. లోపలికి వెళ్లగానే రెండో దారి ఎక్కడుందో ఒకరు లేచి చూసి రావడానికి నిమిషం చాలు. ఆ తలుపు ముందు బీరు క్రేట్లు పేర్చి ఉన్నాయా, గొళ్లెం చేతికి లేస్తుందా, మెట్లు బయటికి పోతున్నాయా, వంటింట్లోకి పోతున్నాయా? ఇవి చూడటం ఖరగ్‌పూర్ మనిషికి కొత్త పని కాదు. వర్క్‌షాపులో భద్రత ఆయన రోజువారీ విధి. క్రేట్లు అడ్డంగా కనిపిస్తే లేచి వచ్చేయాలి. బల్ల కోసం ఇచ్చిన అడ్వాన్సు పోతే పోయింది.

ఇన్ని చూశాక ఎవరైనా అడుగుతారు, అసలు కోల్‌కతా దాకా ఎందుకు అని. అడగాల్సిన ప్రశ్నే. బ్రిటిష్ కాలపు రైల్వే కాలనీల్లో సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లలో గడిచేవి. చెక్క నేల మీద డాన్సులు, బిలియర్డ్స్ బల్లలు, క్రిస్మస్ రాత్రి బ్యాండు ఉండేవి. కాకపోతే దొరలకు, ఆంగ్లో ఇండియన్లకు ఒకటి, భారతీయులకు వేరొకటి. అదే రైల్వే మీద, అదే రోజుల్లో, బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి కార్మికులను కూడగట్టారు. ఉద్యోగాల్లోంచి తీసేసినవారి కోసం 1928లో జరిగిన సమ్మెకు ఆయనే ముందు నిలిచారు. పని పోయినవాడి కోసం పని ఉన్నవాడు జీతం వదులుకున్న ఊరు ఇది. అలాంటి ఊళ్లో ఒక పార్టీ కోసం జట్టులో మూడోవంతు మందిని ఇంటి దగ్గర వదిలేయడం ఎవరికీ నచ్చకూడదు.

దొరలకూ మనకూ మధ్య ఉన్న ఆ గీత చెరిగిపోయి దశాబ్దాలైంది. ఇన్‌స్టిట్యూట్‌లు ఇప్పుడు ఉద్యోగులందరివీ. సభ్యుల చందాతో నడుస్తాయి, కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు. సౌత్ ఇన్‌స్టిట్యూట్ నుంచి నింపురా క్వార్టర్‌కు రిక్షాలో పోవచ్చు. అప్రెంటిస్ రావచ్చు, కారుణ్య నియామకంలో చేరిన ఆవిడ రావచ్చు, మార్నింగ్ డ్యూటీవాడు భోజనం చేసి తొమ్మిదింటికి వెళ్లిపోవచ్చు. పార్క్ స్ట్రీట్ కావాలనుకున్నవాళ్లు మరో మధ్యాహ్నం పెద్దాయనను తీసుకెళ్లొచ్చు. అందరి పార్టీ అయ్యాక వెళ్లే ఆ చిన్న బృందం మీద ఎవరికీ కినుక ఉండదు.

అయితే కమిటీల నుంచి సభ్యులు రాబట్టాల్సింది చాలా ఉంది. నెలాఖరు పార్టీలకు హాలు కావాలంటే ఒక కాగితం మీద అర్జీతో పని జరగాలి. బయటి పెళ్లిళ్లకు ఇచ్చే ముందు రిటైరయ్యేవారికి తేదీలు వదలాలి. మంచి స్పీకర్లు, శుభ్రమైన ఆడవాళ్ల మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి కల్పించాలి. ఈసారి ఇన్‌స్టిట్యూట్ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చే అభ్యర్థిని కూర్చోబెట్టి అడగాలి: రిటైరయ్యేవారికి హాలు అద్దె ఎంత, వంటగది వాడుకోనిస్తారా, రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంచుతారు?