‘రైతుబిడ్డ’ చేసిన అప్పు

1932లో మన తెర మాట్లాడ్డం మొదలెట్టింది. మాట్లాడింది ఎవరయ్యా అంటే భక్త ప్రహ్లాదుడు! ఆ తర్వాత ఏళ్ల తరబడి దేవుళ్లూ, రాజులూ పద్యాలు పాడుకుంటూ పోయారు.

అదే కాలంలో కింద నేల మీద వడ్ల ధర కూలిపోయింది. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం కృష్ణా, గోదావరి కాలవల దాకా పాకింది. కొద్ది ఏళ్లలోనే ధర సగానికి దిగింది. శిస్తు దిగలేదు, అప్పు దిగలేదు. పైపెచ్చు అప్పుడే సర్కారు ఈ డెల్టాలో శిస్తు రూపాయికి మూడణాలు పెంచబోయింది. రైతులు తిరగబడ్డారు. ఎకరం ఎలా చేజారిందో మా వట్లూరు వైపు ముసలివాళ్లు చెప్పే కథల్లో సగం ఆనాటివే.

ఆ గోడు తెరకెక్కడానికి 1939 దాకా పట్టింది. ముందు ఏడాదే ‘మాలపిల్ల’ తీసి గగ్గోలు పుట్టించిన గూడవల్లి రామబ్రహ్మంగారు ‘రైతుబిడ్డ’ తీశారు. నర్సిరెడ్డి అనే రైతు, షావుకారు అప్పు, ఓటు జమీందారు మనిషికి కాక రైతుల మనిషికి వేసిన పాపానికి పడ్డ పాట్లు - ఇదీ కథ. నర్సిరెడ్డి బళ్లారి రాఘవగారు. నాటక రంగాన్ని ఏలిన మనిషి, అప్పటికి అరవైకి దగ్గర పడ్డారు. ఆయన కూతురు వరసలో కనిపించే టంగుటూరి సూర్యకుమారికి అప్పటికి పధ్నాలుగేళ్లు నిండలేదు. మాటలు గోపీచంద్‌వి. పల్లె పలుకుబడి తెలిసిన కొసరాజుగారు పాటల్లో చెయ్యి వేశారు.

తమాషా ఏమిటంటే, జమీందారీ మీద దుమ్మెత్తిపోసిన ఈ చిత్రానికి డబ్బు పెట్టింది చల్లపల్లి రాజాగారు. ఆయనా జమీందారే! తోటి జమీందార్లకు మాత్రం కడుపు మండింది. బొమ్మ ఆపించాలని పూనుకున్నారు.

నాకొక చిన్న పేచీ ఉంది. కథకు ప్రతినాయకుడు జమీందారు. మరి శిస్తు నేరుగా సర్కారుకే కట్టే రైతువారీ ఊళ్లు డెల్టాలో బోలెడు. అక్కడ కొంప ముంచింది ధర. ధరకు మీసాలు అతికించి, చేతిలో కొరడా పెట్టి తెర మీద నిలబెట్టడం ఎవరి తరం? గూడవల్లివారు దొరికిన మొహాన్ని పట్టుకున్నారు, తప్పు పట్టలేం. 1948 చట్టంతో ఆ మొహం పోయింది.

ఇవాళ మా ఊరి కౌలు రైతులకి ఈ బొమ్మ వేసి చూపిస్తే? జమీందారు వచ్చినప్పుడు లేచి బీడీ ముట్టించుకోడానికి వెళ్తారనుకుంటాను. షావుకారు నోటు రాయించుకునే వేళకి మాత్రం అందరూ లోపలే ఉంటారు.