మంచు కుక్కకు మండుటెండ శిక్ష

నీలికళ్లు, తోడేలు పోలిక, ఒత్తయిన బొచ్చు. చూడగానే ఎవరికైనా ముచ్చటేస్తుంది. హస్కీ అనే ఈ సీమకుక్క ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలు దాటి పల్లెల్లోని డాబా ఇళ్లకూ వస్తోంది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు తెచ్చి ఇచ్చేది కొన్నిచోట్ల, సెల్‌ఫోనులో బొమ్మ చూసి వేలకు వేలు పోసి కొనేది మరికొన్నిచోట్ల. వాకిట్లో అది తిరుగుతుంటే హోదా అనుకుంటున్నారు. అది ఎక్కడి జంతువు, ఇక్కడి ఎండకు తాళగలదా అని అడిగేవారు మాత్రం తక్కువ.

దీని పుట్టిల్లు రష్యాలోని సైబీరియా ఈశాన్య కొస. అక్కడి చుక్చీ తెగవారు మంచుమీద జారే, చక్రాలు లేని బండ్లను లాగడానికి ఈ జాతిని తరతరాలుగా పెంచారు. 1908 ప్రాంతంలో ఇవి అమెరికాలోని అలాస్కాకు చేరాయి. 1925 జనవరిలో అక్కడి నోమ్ పట్టణంలో కంఠసర్పి వ్యాధి సోకి పిల్లలు చనిపోసాగారు. మందు తేవడానికి 20 మంది బండివాళ్లు తమ కుక్కలతో వంతులవారీగా సుమారు 1,085 కిలోమీటర్ల మంచుదారిని అయిదున్నర రోజుల్లో దాటారు. ఆ పరుగులో పాల్గొన్న టోగో, బాల్టో అనే కుక్కలను నేటికీ తలుచుకుంటారు. బాల్టోకు న్యూయార్కులో విగ్రహం కూడా పెట్టారు.

అలాంటి పనిమంతమైన జంతువును రెండు గజాల గొలుసుతో వరండా స్తంభానికి కట్టేయడం ఏమి న్యాయం? ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి మందలు మందలుగా వృద్ధి చెందాయి. అక్కడి వేడి వాటికి సరిపడింది. అదే గిత్తను సైబీరియా మంచులో కట్టేస్తే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పాలా?

కాపలాకు పనికిరాదు

తోడేలులా ఉంది కదా, దొంగలు భయపడతారనుకుంటే పొరపాటే. హస్కీకి కొత్త పాత లేదు. ఇంట్లోకి ఎవరొచ్చినా తోక ఊపుతుంది. మొరగడం తక్కువ, ఊళ పెట్టడం ఎక్కువ. రాత్రిపూట కుక్క ఏడిస్తే కీడని భయపడే ఊళ్లలో దీనివల్ల లేనిపోని తగవులు. నిజానికి ఆ ఊళ దాని మాట, అంతే. కోళ్లు, మేకపిల్లలు కనబడితే తరుముతుంది. గోడ దూకుతుంది, నేల తవ్వి కంచె కిందనుంచి దూరిపోతుంది. ఒకసారి బయటపడితే పిలిచినా వెనుదిరగదు. ఇది దాని తప్పు కాదు. పరుగెత్తడం కోసమే పెంచిన జాతి అది.

వేసవిలో ప్రాణసంకటం

మనిషికి చెమట పడితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు ఆ వీలు లేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి గతి. కోస్తా ఉక్కలో ఎంత రొప్పినా ఫలితం తక్కువే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటే ఎండలో రెండు పొరల బొచ్చున్న జంతువు పడే బాధ ఊహించవచ్చు. సంకరజాతి ఆవు ఎండకు ఒగర్చితే పాలు తగ్గుతాయని పాకమీద నీళ్లు చల్లే రైతుకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఏసీ గదిలో ఉంచుతామనేవారు కరెంటు పోయిన రాత్రి సంగతి కూడా ఆలోచించాలి.

ఇప్పటికే తెచ్చుకున్నవారు కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు. తెల్లవారకముందు, పొద్దుగూకి నేల చల్లారాక రోజుకు రెండుపూటలా బాగా నడిపించాలి. పగలు చల్లని నీడ, ఎప్పుడూ మంచినీళ్లు ఉండాలి. వేడి తగ్గుతుందని బొచ్చు గొరిగించకూడదు. ఆ బొచ్చే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రాలే బొచ్చును మాత్రం తరచు దువ్వి తీసేయాలి, పిడుదులు పట్టకుండా చూడాలి. ఉల్లిపాయ కుక్కకు విషం కనుక మిగిలిన కూరన్నం పెట్టకూడదు. రేబీస్ టీకా తప్పనిసరి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలిపోతే వడదెబ్బగా భావించి, నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగలనిచ్చి, ఆలస్యం లేకుండా పశువుల డాక్టరుకు చూపించాలి.

ఇంత చాకిరీ పన్నెండు, పద్నాలుగేళ్లు చేయాలి. చేయలేక వదిలించుకుందామంటే కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. చివరికి దాన్ని ఏ రోడ్డుపక్కనో వదిలేస్తే అది కుక్కను నడిఎండలో చంపడమే.

దొంగ వస్తే అరిచే కుక్కే కావాలంటే ఊళ్లోనే ఉంది. ఎండకు, వానకు తట్టుకుని, పెట్టిన ముద్ద తిని, ఇంటివారిని గుర్తుపెట్టుకునే కుక్కపిల్లలు ప్రతి వీధిలోనూ తిరుగుతున్నాయి. హస్కీ కోసం పోసే డబ్బులో కొంత పెట్టి అలాంటి ఒకదానికి టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి చేరదీస్తే ఇంటికి కాపలా, వీధికి మేలు. మంచులో పరుగెత్తాల్సిన కుక్కను మంచులోనే ఉండనివ్వడం దానికీ మేలు. పిల్లల ముచ్చట కోసం అడ్వాన్సు కట్టబోయే పెద్దలు, కట్టేముందు ఒక్కసారి మే నెల మధ్యాహ్నాన్ని తలుచుకుంటే మంచిది.