పాత మోటారు కొనువారికి

ఇంటి కొట్టములో సానరాయి, రంపము త్రిప్పుటకు పాత మోటారు చాలునని సభ్యులు పలువురు తలంచుచున్నారు. తలంపు మంచిదే; కాని చౌక యని తొందరపడరాదు. ఇండ్లకు సాధారణముగా వచ్చునది 230 వోల్టుల సింగిల్ ఫేజు; పొలము మోటార్లలో పెక్కు 415 వోల్టుల త్రీఫేజువి. బోరులో దింపు మోటారు నీటివలన చల్లబడునది గాన, పొడిచోట పనికిరాదు. కావున ముందు నేమ్‌ప్లేటు చదువుడు. షాఫ్టును చేత త్రిప్పి బేరింగుల చప్పుడు వినుడు. వైండింగునకును బాడీకిని నడుమ ఇన్సులేషనును మెగ్గరుతో కొలిపింపుడు. అది 1 మెగోమునకు తక్కువైనచో ఆ మోటారు కొనకుడు. ఒక్క పరీక్షకై ప్రతి రైతును మెగ్గరు కొనుట దండుగ. సంఘమే యొకటి కొని సభ్యులందఱ కందుబాటులో నుంచవలెనని మా యభిప్రాయము. పది రూపాయలు మిగిల్చిన మోటారు ప్రాణము తీసినచో, ఆ మిగులు ఎవరికి?